మిల్కాబాయి ఊపిరి

మూడోసారీ ఆడపిల్లేనని మంత్రసాని వచ్చి చెప్పినప్పుడు సామాజీ గానుగ ఆపలేదు. ఎద్దుకు నీళ్ళు పెట్టారా అని అడిగాడట. ఆ మాట మిల్కాబాయి జీవితాంతం చెప్పుకుని నవ్వేది. తన పుట్టుకకు దొరికిన మొదటి ఆశీర్వాదం అదేననీ, తర్వాత మసీదులో చదివినవాటికంటే అదే బాగా పనిచేసిందనీ అనేది.

చించోలీలో మా యూదులం ప్రార్థన చేసుకునే చోటుని మసీదనే అంటాం. సాయిబుల మసీదు సాయిబులది, మా మసీదు మాది. శనివారం గానుగ కట్టం కాబట్టి ఊళ్ళోవాళ్ళకి మేం శనివారం తెలికలవాళ్ళం. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట ఓడ బద్దలై, ఏడుగురు మగవాళ్ళూ ఏడుగురు ఆడవాళ్ళూ ఈ కొంకణం ఒడ్డుకు ఈదుకొచ్చారనీ, గ్రంథాలన్నీ సముద్రంలో పోయాయనీ పెద్దలు చెబుతారు. "పుస్తకాలు మునిగాయి గానీ తగాదాలు మాత్రం ఒక్కటి కూడా తడవకుండా ఒడ్డుకొచ్చాయి" అనేది మిల్కాబాయి. ఆ పద్నాలుగు మంది సంతానమే కాబట్టి ఊళ్ళో అందరం అందరికీ బంధువులం. తగాదాలకు అంతకంటే కారణం అక్కర్లేదు.

కొత్త ఏడాది పండుగకు మసీదులో పొట్టేలు కొమ్ము ఊదడం సామాజీ ఇంటి హక్కు. ఇంట్లో రెండు కొమ్ములుండేవి. పెద్దది, రెండు మెలికలు తిరిగింది, తెల్లబట్టలో చుట్టి పెట్టెలో ఉండేది. చిన్నది నల్లగా, నూనె జిడ్డుతో, గానుగ పక్కన మేకుకు వేలాడేది. సామాజీ సాధన చేసుకునేది చిన్నదానితోనే. పాలపళ్ళు ఊడే వయసులో మిల్కా ఒకసారి ఆ చిన్నకొమ్ము దించి నోట్లో పెట్టుకుంది. వాగు ఒడ్డున మేస్తున్న ఎద్దు తలెత్తి చూసి, తిన్నగా ఇంటికి నడిచొచ్చింది. అక్కలిద్దరికీ ఆ ఎద్దంటే భయం, కర్ర పట్టుకుని పోయినా కదిలేది కాదు. సామాజీ తన మూడో కూతురి వంక సరిగ్గా చూడడం అదే మొదలు.

"బుగ్గల్లోంచి కాదే. గాలి కడుపులోంచి రావాలి" అని పక్కన కూర్చుని నేర్పాడు.

ఆడపిల్లకు కొమ్మెందుకని తల్లి దెబ్బలాడింది. రేపు అత్తారింట్లో ఊదుతుందా అంది. మరి ఎద్దు ఇంటికి రావద్దా అన్నాడు సామాజీ. అక్కడితో ఆ విషయం తేలిపోయింది.

ఆమెను అత్తారింటికి పంపాల్సిన పని కూడా పడలేదు. కొడుకుల్లేరు గనక సామాజీ ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకున్నాడు. హనోక్ రేవులో లాంచీ టికెట్లు రాసే గుమాస్తా. మనిషి పొడుగు, మాట నెమ్మది, గడ్డం మాత్రం పాత ప్రవక్తల కాలంలోంచి ఊడిపడ్డట్టుండేది. ఆ గడ్డం చూసే సామాజీ మోసపోయాడని మిల్కాబాయి అభిప్రాయం. పెళ్ళయిన రెండేళ్ళకు సామాజీ పోయాడు. ఎద్దు అంతకుముందే పోయింది. గానుగకు చెదలు పట్టింది. కొమ్ము మిగిలింది.

కొమ్ము ఆ ఇంటిది, కాబట్టి ఆ ఇంటి మగవాడే ఊదాలని ఊరి పెద్ద ఏలోజీ తీర్పు చెప్పాడు. హనోక్ పొంగిపోయాడు. పండుగకు నెల ముందు నుంచి పొద్దున్నే పెరట్లో నిలబడి సాధన మొదలుపెట్టాడు. మూడో రోజు పక్కింటి రివ్కా గోడ మీదుగా తల పెట్టి, మేకకు ఒంట్లో బాగాలేదా అని అడిగింది. మేక బాగానే ఉందని చెప్పింది మిల్కాబాయి. ఆ సాయంత్రం భర్త దగ్గరికెళ్ళి, కావాలంటే తను చూపిస్తానంది.

హనోక్ గడ్డం సవరించుకున్నాడు. "నువ్వు నేర్చుకుంది ఎద్దును పిలవడానికి. ఇది దేవుణ్ణి పిలవడానికి."

"ఎద్దయితే వచ్చేది" అంది మిల్కాబాయి.

పండుగ రోజు కింద మగవాళ్ళు, పైన చెక్క జాలీ వెనక ఆడవాళ్ళు కూర్చున్నారు. మిల్కాబాయి చీర మడతలో చిన్నకొమ్ము దోపుకుని వచ్చింది. ఎందుకు తెచ్చావని తర్వాత రివ్కా అడిగితే, వర్షం వచ్చేట్టుంటే గొడుగు తెచ్చుకోమా అంది.

హనోక్ నడుమనున్న అరుగు ఎక్కి, తెల్లటి ప్రార్థన శాలువా తలమీదుగా కప్పుకున్నాడు. మొహమూ కొమ్మూ ఆ గుడారంలోకి వెళ్ళిపోయాయి. పక్కన నిలబడ్డ ఏలోజీ, ఏ తీరున ఊదాలో చెప్పే మొదటి పిలుపు పిలిచాడు. శాలువాలోంచి సోడాకాయ కొట్టినట్టు బుస్సుమని చప్పుడొచ్చింది. ఏలోజీ మళ్ళీ పిలిచాడు. మళ్ళీ బుస్సు. వెనక వరసలో బడిపంతులు రహమీమ్‌కు పెద్ద దగ్గు తెర వచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

మూడో పిలుపుకి పైనుంచి వచ్చింది శబ్దం. పొడుగ్గా, ఎక్కడా వణక్కుండా, సామాజీ బతికున్నప్పుడు వచ్చినట్టే వచ్చింది. దూలం మీది పావురాలు లేచి కిటికీలోంచి పారిపోయాయి. మగవాళ్ళందరూ ఒక్కసారి తలలెత్తారు, ఒక్కసారే దించేశారు. ఏలోజీ నిలబడ్డ చోటినుంచి శాలువా లోపల ఏముందో కనిపిస్తోంది. హనోక్ కొమ్ము గుండెల దగ్గరుంది, నోరు తెరుచుకునుంది. ఏలోజీ కళ్ళు మూసుకుని ఆమెన్ అని, తర్వాతి పిలుపు పిలిచాడు. పొడుగువీ, విరిచినవీ, వెక్కి వెక్కి ఏడ్చినట్టుండేవీ అన్నీ వరసగా వచ్చాయి.

బయటికొచ్చాక మగవాళ్ళు హనోక్ చెయ్యి పట్టుకుని, మామగారి పేరు నిలబెట్టావన్నారు. పైన రివ్కా తన కొంగుతో మిల్కాబాయి మొహం తుడిచింది.

ఇంటికొచ్చి పూరీలు వడ్డిస్తూ మిల్కాబాయి ఎదురుచూసింది. థాంక్స్ అక్కర్లేదు, తిట్టినా చాలు. హనోక్ కొబ్బరిపాల హల్వా రెండు ముక్కలు తిని, చెయ్యి కడుక్కుని చెప్పాడు.

"మొదట్లో కాస్త ఇబ్బందయింది గానీ, తర్వాత ఊపిరి బాగా అందింది."

ఆమె మిగిలిన హల్వాకు మూతపెట్టి లోపలికి తీసుకుపోయింది.

ఆ తర్వాత ఏటా అదే తంతు. హనోక్ తన పని మెరుగుపరుచుకున్నాడు. పిలుపు వినపడగానే శాలువా లోపల భుజాలు ఎగరేసేవాడు. అయిపోయాక ఎర్రటి మొహంతో, చెమటలు కక్కుతూ బయటికొచ్చేవాడు. ఆ చెమట ఎలా తెప్పిస్తున్నాడో మిల్కాబాయికి అంతుపట్టేది కాదు. పండుగ నెల మొదలైతే చల్లటి నీళ్ళు ముట్టేవాడు కాదు. పొద్దున పసుపు వేసిన పాలు, రాత్రి నేతిలో గుడ్డు. ఇంటి అరుగు మీద కూర్చుని, ఊపిరి ఎక్కడ దాచుకోవాలో ఎక్కడ ఖర్చుపెట్టాలో వచ్చేపోయేవాళ్ళకి వివరించేవాడు. వాళ్ళు బుద్ధిమంతుల్లా తలూపేవారు. ఒక ఏడు భోజనం దగ్గర, ఇవాళ చివరిది కాస్త పొట్టిగా వచ్చిందన్నాడు. అయితే వచ్చే ఏడాది నువ్వే ఊదుకో అంది మిల్కాబాయి. హనోక్ నొచ్చుకున్నాడు.

"నేను కాకపోతే మరెవరు ఊదుతున్నారంట?"

ఆ అడగడంలో వెటకారం లేదు. ఆమె అతని మొహంలో చాలాసేపు వెతికింది. కనబడలేదు.

చెప్పెయ్యమని రివ్కా పోరేది. "ఏమని చెప్పను? నీ ఒంట్లో నీది నీ గడ్డం ఒక్కటేనని చెప్పనా?" అనేది మిల్కాబాయి. నిజానికి చెప్పకపోవడానికి ఇంకో కారణముంది. చెబితే అతను మానేస్తాడు. అతను మానేస్తే అరుగు మీద నిలబడే మగవాడు ఇంకొకడొస్తాడు, నిజంగా ఊదగలిగినవాడు. ఏడాదికి రెండు పండుగ రోజులు, ఆ తర్వాత తలుపులు మూసుకుని చేసే ఉపవాసం ముగిసినప్పుడు ఒక్కసారి. ఆమెకు దొరికేది అంతే. ఆ కాస్తా పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టంలేదు.

ఇలా సాగుతుండగా ఒక ఏడు బొంబాయి నుంచి బెన్యామిన్ సాహెబ్ అనే ఆయన పండుగకు చుట్టాలింటికి వచ్చాడు. అక్కడి ఒక పెద్ద మసీదుకు ధర్మకర్త. వాళ్ళ కొమ్ము ఊదేవాడు ఇజ్రాయెల్‌కు వెళ్ళిపోయాడు. చించోలీ కొమ్ము విని ఆయన కళ్ళు చెమర్చాయి. వచ్చే ఏడాది పండుగకు మా దగ్గరికి రావాలంటూ ఆయన హనోక్ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏలోజీ గొంతు సవరించుకుని, ఇక్కడ ఎవరు ఊదుతారని అడ్డం పడబోయాడు. మీకేముంది, ఇంకెవరైనా ఊదుతారు అనేశాడు హనోక్. మసీదు గుమ్మంలో ఉన్నవాళ్ళంతా చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

ఏడాది గడిచింది. ప్రయాణం దగ్గరపడ్డాక హనోక్ ఇంట్లో చెప్పాడు. మిల్కాబాయి కొబ్బరి కోరుతోంది.

"నువ్వు రానక్కర్లేదులే. లాంచీలో నీకు కళ్ళు తిరుగుతాయి."

"నేను రాకుండా ఎలా?"

"భోజనం వాళ్ళే పెడతారు."

ఆమె కోరడం ఆపింది. తన అనుమానం నిజమే. ఈ మనిషి నిజంగానే తనే ఊదుతున్నాననుకుంటున్నాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత, తను బతికుండగానే ఎవరో తన పేరు ఇంకొకరికి పెట్టేసినట్టనిపించింది. సరే వెళ్ళిరా అంది. మిగిలిన చెక్క కోరి, చెయ్యి తెగ్గోసుకుంది.

ప్రయాణం రోజు తెల్లవారుజామున హనోక్ పెద్దకొమ్ము తీసుకుని కొబ్బరితోటలోకి వెళ్ళాడు. శాలువా లేదు, పిలిచేవాళ్ళు లేరు, పైన జాలీ లేదు. మిల్కాబాయి దొడ్డిగుమ్మంలో నిలబడి వింది. బుస్సు. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ బుస్సు. ఈసారి చాలాసేపు నిశ్శబ్దం. అతను తిరిగొచ్చి పీట మీద కూర్చుని, నేల చూస్తూ, నీకూ టికెట్ రాస్తానన్నాడు. ఎందుకని ఆమె అడగొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. అతని గడ్డం వణుకుతుండడం చూసి ఊరుకుంది. హల్వా డబ్బాలో సర్దుకుని, చిన్నకొమ్ము చీర మడతలో దోపుకుంది.

బొంబాయి మసీదులో ఆడవాళ్ళ మేడ మూడు వైపులా ఉంది. కిక్కిరిసి ఉంది. జాలీ లేదు, ఒట్టి కటకటాలే. మిల్కాబాయి స్తంభం పక్కన చోటు సంపాదించింది. పక్కన కళ్ళద్దాల లావుపాటి ఆవిడ విసనకర్రతో విసురుకుంటూ, చీర మడతలోంచి బయటికొస్తున్నదాన్ని చూసింది.

"ఏంటి వదినా అది?"

"మా ఆయన ఊపిరి."

కిందనుంచి మొదటి పిలుపు వినిపించింది. మిల్కాబాయి స్తంభం వెనక్కి తిరిగి ఊదింది. కళ్ళద్దాల ఆవిడ విసనకర్ర ఆగిపోయింది. కింద చూసింది, పక్కన చూసింది, మళ్ళీ కింద చూసింది. ఆపైన ఒక్కమాట అనకుండా తన కొంగు విప్పి అడ్డంగా పట్టుకుంది. వెనక కూర్చున్న ఇద్దరు ముసలమ్మలు దగ్గరికి జరిగి అడ్డు నిలిచారు. ఆడవాళ్ళకు ఇలాంటివి ఎవరూ వివరించనక్కర్లేదు. పిలుపు వెంట పిలుపు బ్రహ్మాండంగా నడిచింది. కింద బెన్యామిన్ సాహెబ్ మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు.

చివరిది మిగిలింది. దాన్ని ఊపిరున్నంతసేపూ ఊదాలి, అది నియమం. మిల్కాబాయి కడుపు నిండా గాలి తీసుకుని మొదలుపెట్టింది. కింద ఉక్క. హనోక్ శాలువాలో ఉడికిపోతున్నాడు. చించోలీలో చివరిది ఎంతసేపుంటుందో అతనికి అలవాటే. కానీ ఆ రోజు ఆమె అంతకంటే పొడుగు లాగింది. తర్వాత అందరితోనూ, ఆ గోడలకు మోత బాగుంది, ఆపబుద్ధి కాలేదంది. హనోక్ వినకుండానే, అలవాటు లెక్కన అయిపోయిందనుకుని శాలువా వెనక్కి తోసి, కొమ్ము చంకలో పెట్టి, రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. కొమ్ము మోగుతూనే ఉంది.

మసీదు మొత్తం తలలు పైకెత్తింది. కళ్ళద్దాల ఆవిడ భయపడి కొంగు వదిలేసింది. మిల్కాబాయి అందరికీ కనబడింది. అప్పుడైనా ఆపి ఉండొచ్చు. ఆమె అతన్ని చూసింది, తనను చూస్తున్న వాళ్ళందరినీ చూసింది, ఊపిరి చివరిదాకా ఊది, అప్పుడు దించింది.

ముందు వరసలోని ఒక ముసలాయన లేచి, ఆడది ఊదితే మగవాళ్ళ విధి తీరదని, మళ్ళీ ఊదించాలని అన్నాడు. బెన్యామిన్ సాహెబ్ హనోక్ వంక తిరిగి, మర్యాదగానే, కానివ్వండి అన్నాడు. హనోక్ కొమ్ము నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడే కాసేపు ఉంచాడు. తర్వాత దించాడు.

"నాకు రాదండీ" అన్నాడు. మెల్లగానే అన్నాడు, అయినా పైదాకా వినిపించింది. "నాకెప్పుడూ రాలేదు. ఊదేది మా ఆవిడ."

వాళ్ళు వెతికి వెతికి ఒక బ్యాంకు గుమాస్తాను పట్టుకొచ్చారు. అతను ఊదినది కుర్చీ ఈడ్చిన చప్పుడులా ఉంది. విధి తీరిందని ముసలాయన ఒప్పుకున్నాడు. దేవుడేమనుకున్నాడో తెలియదు. భోజనాల దగ్గర మగవాళ్ళు హనోక్‌కు దూరదూరంగా కూర్చున్నారు. ఆడవాళ్ళ వైపు మాత్రం మిల్కాబాయి విస్తరిలోకి ఎవరికి వాళ్ళే వడ్డిస్తూ వచ్చారు, ఆమె వద్దంటున్నా.

పండుగ దాటాక తిరుగు లాంచీలో హనోక్ పెద్దకొమ్ము ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఊళ్ళో ఏ మొహం పెట్టుకుని తిరగాలన్నాడు.

"ఊళ్ళో అందరికీ తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి బుస్సు నుంచి."

అతను ఒక్కొక్కరి పేరే అడిగాడు. ఏలోజీకి? తెలుసు. రహమీమ్‌కు? తెలుసు. రేవులో నాతో పనిచేసే సాయిబుకు? అతనికి రివ్కా చెప్పింది. హనోక్‌కు సిగ్గుకంటే కోపమెక్కువొచ్చింది. ఇన్నేళ్ళూ నా ఎదురుగా కూర్చుని, ఊపిరి సంగతులు అడిగి మరీ విన్నారే, వీళ్ళకు దేవుడంటే భయం లేదా అన్నాడు. మిల్కాబాయికి నవ్వాగలేదు. నవ్వి నవ్వి, నిజంగానే కళ్ళు తిరిగి, లాంచీ అంచు పట్టుకుంది. అతను లేచి ఆమె తల పట్టుకున్నాడు. "మరి నీకు?" అని అడిగాడు, ఆమె కుదుటపడ్డాక. "నీకు కోపం రాలేదా నా మీద?" చాలాసార్లు వచ్చిందంది. ఎప్పుడెప్పుడో కూడా చెప్పింది. రేవు వచ్చేదాకా చెబుతూనే ఉంది, అతను వింటూనే ఉన్నాడు.

తర్వాతి ఏడు పండుగకు ముందు ఏలోజీ మగవాళ్ళను కూర్చోబెట్టాడు. పాత పద్ధతే బాగుంది, హనోక్ శాలువా కప్పుకుని నిలబడితే చాలన్నాడు. నిలబడనన్నాడు హనోక్. అయితే ఆడది ఊదింది చెల్లదు, శాస్త్రం ఒప్పదన్నాడు రహమీమ్.

"ఇన్నేళ్ళూ చెల్లిందా లేదా పంతులూ?" అడిగాడు ఏలోజీ.

"ఇన్నేళ్ళూ నాకు తెలీదు కదా బాబాయ్."

"తెలీకే అంత దగ్గావా?"

చివరికి మా వాళ్ళకు చేతనైన పద్ధతిలోనే అది తేలింది. ఎవరూ ఒప్పుకోలేదు, ఎవరూ ఆపలేదు. రహమీమ్ ఏటా పండుగ పొద్దున మూడు మైళ్ళు నడిచి పక్కూరి మసీదులో మగవాడు ఊదింది విని వచ్చేవాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి మిల్కాబాయి ఇంట్లోనే పూరీలు తినేవాడు. అక్కడి కొమ్ము శాస్త్రోక్తం, ఇక్కడి వంట రుచి అని సమర్థించుకునేవాడు.

ఆ మొదటి ఏడు హనోక్ తలమీద శాలువా లేకుండా చివరి వరసలో కూర్చున్నాడు. మిల్కాబాయి ఊదడం పూర్తయ్యాక మిగతావాళ్ళు అలవాటు ప్రకారం తలలు దించుకుని ఆమెన్ అన్నారు. అతను ఒక్కడే తలెత్తి జాలీ వంక చూశాడు. కిందనుంచి ఏమీ కనపడదని ఆమెకు తెలుసు. అయినా చెంగు సవరించుకుంది.

క్రమంగా ఊరు ఖాళీ అయింది. ఒక్కో కుటుంబమే ఇజ్రాయెల్‌కు కదిలింది. బ్యాండు మేళంతో, దండలతో రేవుదాకా సాగనంపడం, హనోక్ టికెట్లు రాయడం, ఇదే పని. ఏలోజీ ఇక్కడే పోయాడు. ప్రార్థనకు పదిమంది మగవాళ్ళు కావాలి. ఏడుగురయ్యారు, అయిదుగురయ్యారు. మసీదు తలుపుకు తాళం పడింది. మీరెప్పుడు వెళతారని ఎవరడిగినా, అక్కడ ఊదేవాళ్ళు వీధికి నలుగురుంటారట, నాకు గిట్టుబాటు కాదు అనేది మిల్కాబాయి.

చివరికి రహమీమ్ కూడా బయల్దేరాడు. ప్రయాణం రోజు పొద్దున్నే ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, టీ చల్లారేదాకా ఏదేదో మాట్లాడాడు. ఆనక, ఒక్కసారి ఊదుతావా అని అడిగాడు.

"పండుగ కాదు కదా పంతులుగారూ."

"కాదు."

"నేను ఆడదాన్ని కూడాను."

"తెలుసులే తల్లీ. అక్కడ చాలామంది ఊదుతారు. మీ నాన్న ఊపిరి మాత్రం దొరకదు."

"మా నాన్నది కాదు" అంది మిల్కాబాయి. "నాది."

రహమీమ్ అరుగు దిగి, టోపీ సరిచేసుకుని నిలబడ్డాడు. అవును, నీదే అన్నాడు. ఆమె పెట్టెలోంచి పెద్దకొమ్ము తీయించింది. హనోకే తెల్లబట్ట విప్పి అందించాడు. పెరట్లో నిలబడి పొడుగుదొకటి ఊదింది. రివ్కా గోడ దగ్గరికొచ్చి నిలుచుంది. రహమీమ్ ఆమెన్ అనలేదు, శాస్త్రం ప్రకారం అనకూడదు గనక. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం లాంచీకి అతనికి హనోక్ టికెట్ రాశాడు. మిల్కాబాయి ఇచ్చిన పూరీల పొట్లం లాంచీ కదలకముందే రహమీమ్ విప్పేశాడని రేవులోవాళ్ళు చెప్పారు.